డాబా గది కిటికీ

భాద్రపదం ఎండ పడిందంటే చాలు, కలకత్తా దగ్గర మా కొన్నగర్‌లో సగం సంసారం డాబాల మీదికెక్కి కూర్చుంటుంది. వానాకాలమంతా చెమ్మ పీల్చిన బొంతలు, ఉన్ని స్వెట్టర్లు, పెళ్ళినాటి పట్టుచీరలు అన్నీ ఎండకు పరుచుకుంటాయి. ఎవరి పెట్టెలో ఏముందో వీధి మొత్తానికి తెలిసేది ఏడాదిలో ఆ నెలలోనే. మా డాబా మీద మాత్రం బొంతలకు చోటుండేది కాదు. మా ఆయన అగ్గిపెట్టె బొమ్మలు ఎండాలి కదా.

అగ్గిపెట్టె మీద అంటించే కాగితం ముక్క ఉంటుంది చూడండి, లేడి బొమ్మో ఓడ బొమ్మో తామరపువ్వో వేసి, అది. దాన్ని నీళ్ళలో నానబెట్టి, చిరక్కుండా ఊడదీసి, ఆరబెట్టి, ఆల్బంలో అంటించడం ఆయన వ్యాపకం. నేను మర్యాదకు వ్యాపకం అంటున్నాను. ఇంట్లో పొయ్యి వెలిగించాలంటే ఒలిచేసిన బోడి అగ్గిపెట్టెలు తప్ప మంచిది ఒక్కటి దొరికితే ఒట్టు.

నాకూ ఒక వ్యాపకం ఉంది. పూరీ సముద్రానికి ఎదురుచూడటం. ఆయనది నలభై ఒక్క ఆల్బంలలో ఉండేది, నాది మంచం కింద ఒక గుడ్డసంచిలో. తొందరగా ఆరే నూలు చీరలు రెండు, రబ్బరు చెప్పులు, ఒక టార్చిలైటు, తడి బట్టలు చుట్టుకోవడానికి ప్లాస్టిక్ కవర్లు. ఏటా భాద్రపదంలో సంచి దులిపి ఎండబెట్టి మళ్ళీ సర్దేదాన్ని. పందొమ్మిదేళ్ళు అలా సర్దాను. టార్చిలైటే మూడుసార్లు మారింది.

ఆ ఏడు మేస్త్రి వచ్చి డాబా గది పైకప్పును కర్రతో తట్టి చూశాడు. పెచ్చులు ఊడి ఆ మేస్త్రి నెత్తినే పడ్డాయి.

"కాళీపూజ లోపు దీన్ని మనం దించాలి బాబూ. లేకపోతే అదే దిగుతుంది" అన్నాడు.

ఆల్బంలన్నీ ఉండేది ఆ గదిలోనే. మేస్త్రి వెళ్ళాక మా ఆయన అనాదిచరణ్ కుండుగారు నడుం మీద చేతులు పెట్టుకుని వాటి మధ్య నిలబడ్డాడు.

"కింద ఎక్కడ పెడతావు ఇవన్నీ?" అన్నాను.

"మంచం కింద."

"మంచం కింద నా సంచి ఉంది."

"సంచి తీసెయ్."

"తీస్తే మాత్రం తిన్నగా స్టేషన్‌కే పట్టుకెళ్తా, చూసుకో."

అంతలో కింద నుంచి అత్తగారి కేక వినిపించింది. ఆవిడకు ఎనభై నాలుగు. మోకాళ్ళ వల్ల మెట్లెక్కి పాతికేళ్ళయింది గాని డాబా మీద చీమ నడిచినా ఆవిడకు తెలుస్తుంది.

"బౌమా! ఏదీ అమ్మేయకండి, ఎవరికీ ఇవ్వకండి. భాద్రపదంలో ఇంట్లో వస్తువు గడప దాటకూడదు."

"పాత కాగితాలవాడు కూడా రాకూడదా అమ్మా?"

"వాడు వస్తే రానీ. ఉత్త చేతులూపుకుంటూ పోతాడు. ఖోకా, వింటున్నావా?"

బౌమా అంటే కోడలు, ఖోకా అంటే చంటివాడు. అరవై నాలుగేళ్ళ చంటివాడు "ఊఁ" అన్నాడు.

అంచేత ఆ నెలంతా ఎండబెట్టడం, ఏరడం వరకే అని నిర్ణయమైంది. ఉంచేవి ఉంచి, మిగతావి ఆశ్వయుజం రాగానే ఇచ్చేయాలి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకుండా నేను ఎంత గడుసుగా మాట్లాడినా దొంగమాటే అవుతుంది.

పందొమ్మిదేళ్ళ కింద, దసరా తర్వాతి పౌర్ణమినాటి లక్ష్మీపూజ మర్నాడు మేమిద్దరం పూరీ బయలుదేరాం. అమ్మాయిని అత్తగారి దగ్గర వదిలాం. నాకు నలభై ఒకటి, సముద్రం చూడటం అదే మొదలు. పొద్దున ఆయన డాబా గదిలోకి వెళ్ళి ఆల్బంలు ఓసారి చూసుకుని, కిటికీ గడియ పెట్టి దిగొచ్చాడు. తర్వాత నేను స్నానం చేసి పైకెళ్ళాను. తడి తువ్వాలు ఎక్కడ ఆరేయాలో తోచక, ఆ కిటికీ తీసి, ఊచల మీద ఆరేసి వచ్చేశాను.

ఆ సంగతి గుర్తొచ్చింది ఎక్కడనుకున్నారు? ఇంటి ముందు సందులో. ఆయన పరుపుచుట్ట భుజాన పెట్టుకుని పది అడుగుల ముందు నడుస్తున్నాడు. రిక్షా సందు చివర ఆగి ఉంది. అత్తగారు గుమ్మంలో చేతులు జోడించి "దుర్గా దుర్గా" అంటున్నారు. ప్రయాణమై వెళ్తున్న మనిషిని వెనక నుంచి పిలవకూడదు. మా వైపు అంతకు మించిన అపశకునం లేదు. పిల్లలప్పటి నుంచి వింటూ పెరిగిన మాట అది. నోరు తెరిచి, మూసుకున్నాను.

రిక్షా ఎక్కాక చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. చెబితే ఆయన దిగి వెనక్కి వెళ్తాడు, బండి తప్పుతుంది, ఇంకెప్పుడోలే అంటాడు. శకునం సంగతి సగమే. నాకు సముద్రం పోతుందని భయం. ఆకాశం తోమిన కంచుపళ్ళెంలా ఉంది, నాలుగు రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

మూడో రోజుకు తుఫాను వచ్చింది. అక్కడా ఇక్కడా కూడా. మేం తిరిగొచ్చేసరికి డాబా గదిలో చీలమండ లోతు నీళ్ళు. పదిహేడేళ్ళ పాటు ఒక్కొక్కటే పోగుచేసిన కాగితాలు అటుకుల ముద్దలా అయిపోయాయి. ముందు మెట్లెక్కింది నేను. తువ్వాలు లాగి, పమిట కింద దాచి, ఆ తర్వాతే అరిచాను.

"గడియ నేనే సరిగ్గా పెట్టలేదు" అన్నాడాయన, తడి ఆల్బం చేతిలో పట్టుకుని. నేను నోరెత్తలేదు. ఆ రోజు ఎత్తని నోరు మర్నాడు ఇంకా బరువైంది, ఏడాది తిరిగేసరికి ఇక ఎత్తలేనంత అయింది.

ఆయన మళ్ళీ మొదటి నుంచి పోగుచేశాడు, ఈసారి రెట్టింపు. కాని ఆనాటి నుంచి ఒక్క రోజు కూడా ఇల్లు వదిలి పడుకోలేదు. అమ్మాయి పెళ్ళయి రాంచీ వెళ్ళాక కూడా తెల్లవారుజాము బండికి వెళ్ళి అర్ధరాత్రికల్లా తిరిగొచ్చేవాడు. రోజూ దీపాలవేళ నేను శంఖం ఊది దించగానే ఆయన లేచేవాడు. ఇంట్లో ఉన్న పద్నాలుగు కిటికీలూ మూడుసార్లు చూసేవాడు. చూస్తూ ఏదో గొణుక్కునేవాడు, లెక్క తప్పకుండా ఉండటానికి. నేను దాన్ని ఎగతాళి చేసేదాన్ని. అవును, నేనే ఎగతాళి చేసేదాన్ని.

*

ఆల్బంలు ఎండుతూ ఉండగానే ఉత్తరం వచ్చింది. ఆయన పనిచేసిన బ్యాంకు ఉద్యోగులకు పూరీలో ఒక హాలిడే హోమ్ ఉంది. లక్ష్మీపూజ మర్నాటి నుంచి ఐదు రోజులు ఇద్దరికి గది ఇచ్చారని అందులో ఉంది.

ఆయన రెండుసార్లు చదివాడు. "దరఖాస్తు మీద నా సంతకం ఉందట."

"ఉంది. పింఛను కాగితాల మధ్య పెట్టి చేయించాను."

"ఇది మోసం."

"అవును. బ్యాంకులో ముప్ఫై ఆరేళ్ళు చేసి కాగితం చదవకుండా సంతకం పెట్టావు, అది మాత్రం?"

నవ్వాలనుకున్నాడు గాని నవ్వు రాలేదు. "మీ చెల్లెల్ని తీసుకెళ్ళు."

"దానికి బస్సెక్కితేనే వాంతులు. నాకు సముద్రం నీతో కావాలి. నాకు అరవై వచ్చాయి. ఇంకెన్నాళ్ళు సంచి దులుపుకుంటూ కూర్చోను?"

"రేబా, నేను ఇల్లు తాళం పెట్టి నిశ్చింతగా ఉండగలిగిన మనిషిని కాను. నీకు తెలుసుగా."

ఎందుకు కాడో ఈ ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. ఉత్తరం మడిచి నా చేతికిచ్చి, చెప్పులేసుకుని మార్కెట్‌కు వెళ్ళిపోయాడు. ఆ వారమంతా రోజుకోసారి చెప్పేద్దామనుకున్నాను. ఒకసారి అన్నం వడ్డిస్తూ, ఒకసారి దోమతెర కడుతూ మొదలుపెట్టి, చివరికి "పప్పు చాలా?" అని ఆపేశాను.

*

భాద్రపదం ఆఖరి రోజు విశ్వకర్మ పూజ. ఆ రోజు మా గంగ ఒడ్డు ఊళ్ళలో ఆకాశం కనబడదు, అంతా గాలిపటాలే. ప్రతి డాబా మీదా మాంజా దారాలు, పాటలు, ఎవరి పటమైనా తెగితే "భో కాట్టా!" అని వీధి వీధంతా పెట్టే కేక. మా డాబా మీద మాత్రం ఇద్దరు ముసలాళ్ళు చాప మీద కూర్చుని కాగితం ముక్కలు ఏరుతున్నారు.

రెండో ఆయన బిష్ణు మాయితీ. బ్యాంకులో మా ఆయనకు నాలుగేళ్ళు జూనియరు, ఈ బొమ్మల పిచ్చిలో మాత్రం సరిసమానుడు. ప్రతి ఆదివారం ఉలుబేరియా నుంచి రెండు బండ్లు మారి వచ్చేవాడు. ఆయన్ని అన్నయ్యలా ‘అనాదిదా’ అనీ, నన్ను ‘బౌదీ’, అంటే వదినా అనీ పిలిచేవాడు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర లేదని ముప్ఫై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు.

"అనాదిదా, ఈ నెమలి నీకు రెండున్నాయి. ఒకటి నాకిస్తే నువ్వు చచ్చిపోవు."

"ఇస్తే నువ్వు సంతోషంతో పోతావు. ఆ పాపం నాకెందుకు?"

నేను టీ, వేడి వేడి బేగునీలు, అదే వంకాయ బజ్జీలు, తెచ్చి అందించాను. బిష్ణుబాబు వంకాయ ముక్క నోట్లో పెట్టుకుంటూ, అటు పక్కన గుడ్డలో చుట్టి ఉన్న గట్టి ముద్ద ఒకటి చూసి ఇదేమిటన్నాడు. నేనూ అదే మొదటిసారి చూడటం. మా ఆయన విప్పాడు. తడిసి, ఎండి, ఇటుకలా గట్టిపడిన పాత ఆల్బం.

"నా చేతి పని" అన్నాడు తేలిగ్గా. "ఆ పూరీ ఏడాదిది. ఒకటి ఉంచుకున్నాను, బుద్ధి రావడానికి."

"ఓ, ఇదా!" అన్నాడు బిష్ణుబాబు. తర్వాత నా వైపు తిరిగి, "బౌదీ, మీ ఆయన ఆఫీసరు కాకుండా పోయింది దీనివల్లే, తెలుసా మీకు? మేనేజరు ఇంటికి పిలిచి మరీ చెప్పాడు, పరీక్ష రాయవయ్యా, నీకిచ్చేస్తాం అని. ఆఫీసరైతే స్ట్రాంగ్‌రూమ్ తాళాలు పట్టుకోవాలి కదా! ‘కిటికీ గడియే సరిగ్గా పెట్టలేనివాణ్ణి, బ్యాంకు తాళాలు నాకు వద్దు’ అని దణ్ణం పెట్టి వచ్చేశాడు. మేమంతా ఎంత నవ్వుకున్నామో!"

మా ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం చేతిలో ఉన్న పళ్ళెం కిందపెట్టాలని తోచలేదు.

నాతో ఆయన చెప్పింది వేరు. ఆఫీసరైతే బదిలీ చేస్తారు, ముసలి అమ్మను వదిలి ఎక్కడికి వెళ్ళను అన్నాడు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, తోటికోడలి భర్త మేనేజరై కారు కొన్నప్పుడు, "కొందరికి ముందుకెళ్ళాలని ఉంటుంది, కొందరికి గడపే కాశీ" అని ఆయన వినేలా అన్నాను.

బిష్ణుబాబు నాలుగు గంటల బండికి వెళ్ళిపోయాడు. పైన గాలిపటాలు ఇంకా ఎగురుతున్నాయి. మా ఆయన ఆ ముద్దను మళ్ళీ గుడ్డలో చుడుతున్నాడు. ఎదురుగా చాప మీద కూర్చున్నాను.

"ఇదిగో, విను. ఆ రోజు కిటికీ నువ్వు వేసే వెళ్ళావు."

ఆయన చేతులు ఆగాయి.

"తర్వాత నేను తీశాను. తువ్వాలు ఆరేయడానికి. సందులో గుర్తొచ్చింది. నువ్వు ముందు నడుస్తున్నావు. వెనక నుంచి పిలవలేదు. రిక్షాలో చెప్పలేదు, బండిలో చెప్పలేదు. తిరిగొచ్చాక తువ్వాలు తీసి దాచేశాను."

ఎక్కడో "భో కాట్టా!" అని అరిచారు. తెగిన పటం ఒకటి మా పిట్టగోడ దాకా వచ్చి గంగ వైపు పోయింది. ఆయన అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"ఏ తువ్వాలు?" అన్నాడు.

"ఎర్రగళ్ళది."

"దాన్ని తర్వాత చాలా రోజులు వాడాం."

"అవును."

"నేను మొహం తుడుచుకునేవాణ్ణి దానితో."

మళ్ళీ ఆయనే అన్నాడు, గొంతు పెంచకుండానే. "కాగితాలు పోతే పోయాయి రేబా. మళ్ళీ దొరికాయి. నేను నా చేతుల్ని నమ్మడం మానేశాను. రోజుకు మూడుసార్లు నన్ను నేను పరీక్ష చేసుకుంటుంటే నువ్వు పక్కన కూర్చుని నవ్వావు."

లేచి, మోకాళ్ళు దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పళ్ళెంలో మిగిలిన బేగునీలు చల్లారి మెత్తబడిపోయాయి. ఆ సాయంత్రం శంఖం ఊదాక ఎదురుచూశాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. పద్నాలుగు కిటికీలూ నేనే వేశాను. వేసి, నమ్మకం లేక మళ్ళీ చూసి వచ్చాను.

*

ఆశ్వయుజం రెండో రోజున బిష్ణుబాబుకు ఫోన్ చేసి బండి తెచ్చుకోమన్నాడు. ఏరడం, ఉంచుకోవడం ఏమీ లేదు, నలభై ఒక్క ఆల్బంలూ, విడి బొమ్మల బిస్కట్ డబ్బాలతో సహా అన్నీ. బిష్ణుబాబు నోరు తెరుచుకుని వీధిలో నిలబడిపోయాడు.

"తర్వాత తిరిగి అడగకూడదు అనాదిదా."

"అడగను."

"జ్వరంగానీ ఉందా నీకు? బౌదీ, థర్మామీటరు పెట్టి చూశారా?"

సైకిలు రిక్షా ట్రాలీ మీద డబ్బాలు పేరుస్తుంటే నాకు భయమేసింది. మనిషి ఎంతో ఇష్టమైనదాన్ని అంత తేలిగ్గా వదిలేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? "ఒక్కటైనా ఉంచుకో" అన్నాను పక్కకు వెళ్ళి.

ఆయన నా వైపు చూడకుండా తాడు బిగిస్తూ అన్నాడు. "మొదటిసారి పోగుచేసింది ఇష్టంతో. ఈ రెండోసారి చేసింది తప్పు దిద్దుకోవడానికి. తప్పు నాది కానప్పుడు ఇవి నాకెందుకు?"

డాబా గది ఖాళీ అయింది. ఇల్లంతా ఖాళీ అయినట్టుంది. దుర్గాపూజ వచ్చింది, డప్పులు మోగాయి. అష్టమినాడు పక్కపక్కనే నిలబడి పువ్వులు సమర్పించాం. దశమినాడు ఆయన కాళ్ళకు దణ్ణం పెడితే తల మీద చెయ్యి వేశాడు. కొబ్బరి లడ్డు ఇస్తే తిన్నాడు. మాట మాత్రం "ఉప్పు", "మందు", "పాలవాడు" దాటలేదు. తిట్టినా బాగుండేది. మా ఆయనకు తిట్టడం రాదు, అదే నా కర్మ.

లక్ష్మీపూజనాడు పీట మీద ముగ్గు పెడుతున్నాను. వచ్చి నిలబడ్డాడు.

"రేపు పూరీ వెళ్తున్నాను."

నా వేళ్ళ మీద బియ్యప్పిండి అలాగే ఉంది. "నిజంగానా? సంచి ఎప్పుడో సర్దేశాను..."

"బిష్ణు వస్తున్నాడు నాతో. గది ఇద్దరికే."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసిన సముద్రానికి నా మొగుడు బిష్ణు మాయితీతో వెళ్తున్నాడు! నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, సిగ్గేసింది. మూడూ ఒకేసారి వస్తే ఆడమనిషి ఏం చేస్తుంది? ముగ్గు పూర్తిచేశాను. లక్ష్మీదేవి పాదాలు రెండు వంకరగా వచ్చాయి.

మర్నాడు ఆయన వెళ్ళేటప్పుడు సందు చివర మలుపు తిరిగేదాకా చూశాను. పిలిచి చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఆడపడుచు మిను ఉత్తర్‌పాడా నుంచి వచ్చి ఉంది, అన్నయ్యా వదినా ఇద్దరూ వెళ్తున్నారనుకుని. నన్ను ఇంట్లో చూసి బిత్తరపోయింది.

సాయంత్రం అత్తగారికి మోకాళ్ళకు నూనె రాస్తుంటే ఆవిడ అన్నారు. "ఖోకా ఎందుకు అలా ఉన్నాడో నాకు చెప్పాడు."

నేను తల ఎత్తలేదు. "నన్ను తిట్టండి అమ్మా. మీరైనా తిట్టండి."

"ఆ రోజు గుమ్మంలో నిలబడ్డాను కదా నేను" అన్నారావిడ. "సందు మధ్యలో నువ్వు ఆగావు. వెనక్కి తిరిగి డాబా వైపు చూశావు. ఏదో మర్చిపోయిందీ పిల్ల, పిలిచి అడుగుదామా అనుకున్నాను. ప్రయాణమై వెళ్ళేవాళ్ళను పిలవకూడదని నోరు మూసుకున్నాను. నేను మెట్లెక్కలేకపోతే మాత్రం ఎవరినైనా పంపి చూడమనొచ్చు కదా? అదీ తోచలేదు. పందొమ్మిదేళ్ళ నుంచి నాక్కూడా గుర్తుంది, ఆ చూపు."

నూనెగిన్నె పక్కన పెట్టేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నారు. "రాయి, ఆపకు. రేపు తెల్లవారుజామున బండి ఉంది కదా? మిను ఉంది, నాకేం లోటు లేదు. గది ఇద్దరికేనట! ఆ బిష్ణు గుమ్మంలో పడుకుంటాడులే."

అరవై ఏళ్ళలో నేను ఒంటరిగా ఎక్కిన మొదటి రైలు అది. టికెట్ చేతిలో పట్టుకునే కూర్చున్నాను, సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. ఖరగ్‌పూర్ దాటాక పక్కనున్నావిడ "పూరీలో ఎవరున్నారు?" అని అడిగింది. "మా ఆయన. నా మీద కోపంతో ఉన్నాడు" అన్నాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా నారింజ సగం ఒలిచి పెట్టింది.

*

హాలిడే హోమ్ వరండాలో బిష్ణుబాబు ఒక్కడే పడక్కుర్చీలో పొట్ట పట్టుకుని పడి ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"బౌదీ! దేవుడల్లే వచ్చారు. నిన్న వేయించిన పాంఫ్రెట్ చేపలు నాలుగు తిన్నాను. ఇవాళ నేనే వేగుతున్నాను."

"ఆయనేరి?"

"సముద్రం దగ్గర. పొద్దున్నుంచీ అక్కడే." కాస్త గొంతు తగ్గించాడు. "రాత్రి లేచి లేచి కిటికీలు చూస్తాడనుకున్నాను, నా నిద్ర చెడుతుందనుకున్నాను. తలుపూ కిటికీ బార్లా తెరిచి పెట్టి గురక పెట్టాడు బౌదీ. నా నిద్ర చెడింది ఆ గురకకే."

సంచి బిష్ణుబాబు కుర్చీ పక్కన పెట్టేసి స్వర్గద్వార్ తీరం వైపు నడిచాను. పొద్దు వాలుతోంది. వెదురు టోపీల నూలియాలు, ఎప్పుడో ఆంధ్ర వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బెస్తలు, స్నానాలవాళ్ళను చెయ్యి పట్టుకుని అలల్లోంచి తెస్తూ, వాళ్ళ తెలుగులో ఏదో కేకలేసుకుంటున్నారు. చాయ్ కుర్రాళ్ళు, ఒంటెలు, శంఖాలమ్మేవాళ్ళు, సగం కలకత్తా అక్కడే ఉంది. అంతమందిలోనూ ఆ బట్టతల నాకు వెంటనే దొరికింది. పంచె మోకాళ్ళ దాకా తడిసి, ఇసకలో చాప మీద కూర్చుని ఉన్నాడు.

పక్కన నిలబడ్డాను. తల తిప్పి చూశాడు. ఆశ్చర్యపోయినట్టు లేదు, సంతోషించినట్టూ లేదు.

"ఎవరితో వచ్చావు?"

"ఒక్కదాన్నే."

"ఒక్కదానివే?" ఇప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాడు. "బండిలో ఏమైనా తిన్నావా?"

"ఎవరో నారింజ పెట్టారు."

మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. ఒక అల వచ్చి పోయింది. ఇంకొకటి వచ్చింది. నేను అలాగే నిలబడి ఉన్నాను, బడిలో పాఠం అప్పజెప్పలేని పిల్లలా.

"నా కోపం ఇంకా పోలేదు" అన్నాడు.

"తెలుసు."

"తొందరగా పోయేది కాదు."

"పోవద్దులే. పందొమ్మిదేళ్ళు నీకు నువ్వు వేసుకున్న శిక్ష నాది. ఇప్పుడు పందొమ్మిదేళ్ళు నువ్వు నా మీద కోప్పడు, నేను కాదనను."

లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. "అప్పటికి నాకు ఎనభై మూడు."

"నాకు డెబ్భై తొమ్మిది. ఉంటే ఉంటాం. కాని ఒకటి అడుగుతాను. ఇంట్లో కూర్చుని మూతి ముడుచుకుంటే నాకు ఊపిరాడదు. ఏడాదికొకసారి ఇక్కడికి తీసుకొచ్చి, ఇక్కడ కోప్పడు."

మొహం చూద్దామంటే అవతలికి తిప్పుకుని ఉన్నాడు. భుజాలు కదలడం మాత్రం కనబడింది. అది నవ్వో ఇంకేదో నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు. తర్వాత చాప మీద ఒక పక్కకు జరిగాడు.

"కూర్చో" అన్నాడు. "చెప్పులు చేతిలో పట్టుకో. నిన్న బిష్ణువి రెండూ కొట్టుకుపోయాయి."